కోడి పెరిగిన చోటు ఏది? – గృహస్థులు అడుగవలసిన ప్రశ్న

మూలికను సేకరించే వైద్యునికి మన శాస్త్రం కొన్ని కట్టుబాట్లు విధించినది. పుట్ట మీద మొలచినది, శ్మశానంలో పెరిగినది, చవుడు నేలలోనిది, పురుగు తిన్నది, దారి ప్రక్కన త్రొక్కుడు పడినది పనికిరావు. ఆకు చూడ పచ్చగా ఉన్నా, వేరు లావుగా ఉన్నా సరే, పెరిగిన చోటు మంచిది కాకున్న దానిని మందులో కలుపరాదు. గురుకులంలో చదువుకున్న రోజులలో మేము అడవి నుండి ఏ వేరు తెచ్చినా గురువుల మొదటి ప్రశ్న “ఇది ఎక్కడ దొరికినది?” అనియే. దాని పేరు, గుణము తరువాత చెప్పవలసినవి.

చిటికెడు చూర్ణానికి ఇంత విచారణ చేసే మనము, ప్రతిదినం పిల్లలకు పెట్టే గుడ్డు విషయంలో, ఆదివారం వండుకునే కోడికూర విషయంలో ఆ ప్రశ్న అడుగుట లేదు. డజను ఎంత, కిలో ఎంత అని మాత్రమే అడుగుచున్నాము. ఆ కోడి ఎక్కడ పెరిగినది, ఏమి తిన్నది, దాని పెంట ఎక్కడికి పోయినది అన్నవి కూడ ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలే. పైగా అవి తినేవాని ఒక్కని ఆరోగ్యానికి మాత్రమే కాక, ఒక ఊరి మొత్తం ఆరోగ్యానికి సంబంధించినవి.

ఈ వ్యాసం శాకాహార ప్రచారం కోసం వ్రాసినది కాదు. ఆయుర్వేదం మాంసాన్ని నిషేధించలేదు. చరకసంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయంలో మాంసవర్గమని ఒక పెద్ద విభాగమే కలదు. కృశించినవానికి, శోషరోగికి మాంసరసం పథ్యమని మన గ్రంథాలు చెప్పియున్నవి. ఏ మాంసము, ఎట్టి మాంసము అన్నదే ఇక్కడి ప్రశ్న.

చరకుడు చెప్పిన “చరము”

మాంసం యొక్క గుణాన్ని నిర్ణయించేటప్పుడు చూడవలసిన విషయాలను చరకుడు వరుసగా చెప్పినాడు. వాటిలో మొట్టమొదటిది “చరము”. అనగా ఆ ప్రాణి తిరిగే చోటు, తినే మేత. తరువాత శరీర అవయవాలు, స్వభావము, ధాతువులు, చేష్ట మొదలైనవి వచ్చును. చేష్ట అనగా ఆ ప్రాణి ఎంత కదలును, ఎంత తిరుగును అన్నది. సోమరిగా పడియుండు ప్రాణి మాంసం కన్న బాగుగా తిరిగే ప్రాణి మాంసం తేలికగా అరుగునని శాస్త్రాభిప్రాయము. విడిచిపెట్టవలసిన మాంసాల పట్టికలో తనంతట చచ్చినదానిని, విషం వలన చచ్చినదానిని చెప్పుచు, తనది కాని చోట మేపి పెంచినదానిని కూడ చేర్చినాడు. దీనికి ఆయన వాడిన మాట “అగోచరభృతము”.

ఇన్ని శతాబ్దాల క్రిందట వ్రాసిన ఈ మాట నేటి కోళ్ళ షెడ్డుకు సరిగా అతికినట్లున్నది. కోడి సహజంగా నేలను కాళ్ళతో గీరును, పురుగును ఏరుకొనును, దుమ్ములో పొర్లాడును, సాయంకాలం కాగానే ఎత్తైన చోటెక్కి కూర్చుండును. గుడ్ల కోసం పెంచే లేయర్ కోడి ఇప్పుడు తీగల బోనులో మూడు నాలుగు కోళ్ళతో కలిసి జీవించుచున్నది. ఒక్కొక్క కోడికి వచ్చే చోటు చాలా ఫారాలలో ఈ పత్రికలోని ఒక పుట అంత కూడ ఉండదు. రెక్క చాపుటకు వీలులేదు, నేల కాలికి తగులదు. 2017లో భారత లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ బోనుల పద్ధతిని నిషేధించవలెనని సిఫారసు చేసినది. ఏళ్ళు గడచినా మన గుడ్లలో అధికభాగం బోనుల నుండియే వచ్చుచున్నది.

పెరట్లో నుండి పరిశ్రమకు

మన దేశంలో పశుపోషణలో అన్నిటికన్న ముందుగా, అన్నిటికన్న పూర్తిగా పరిశ్రమగా మారినది కోళ్ళ పెంపకమే. అందులో తెలుగువారిది పెద్ద పాత్ర. 1950–51లో దేశమంతట ఉత్పత్తి అయిన గుడ్లు సుమారు 183 కోట్లు. 2023–24 నాటికి ఆ సంఖ్య 14,277 కోట్లకు చేరినది. రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ది ప్రథమ స్థానము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి దేశంలోని గుడ్లలో సుమారు 30 శాతం అందించుచున్నవి. 2019 నాటి పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్లకు పైగా కోళ్ళు మొదలైన పెంపుడు పక్షులు ఉండగా, వాటిలో 53 కోట్లు వ్యాపార ఫారాలలోనివి.

ఈ అభివృద్ధి వలన మేలు కలుగలేదని అనుట అన్యాయము. పేద ఇంటి బిడ్డకు గుడ్డు అందుబాటులోకి వచ్చినది. అంగన్‌వాడీలో, బడి భోజనంలో గుడ్డు చేరినది. వేల కుటుంబాలకు జీవనోపాధి దొరికినది. ఈ సత్యాన్ని ప్రక్కన పెట్టి మాట్లాడేవాని మాటకు విలువ ఉండదు. అయితే ఏ ఔషధానికైనా గుణంతో పాటు దోషం కూడ చెప్పుట వైద్యుని ధర్మము. ఇక్కడ గుణం అందరికీ చెప్పబడినది. “రోజుకొక గుడ్డు” అన్న ప్రచారం ప్రతి ఇంటికీ చేరినది. దోషం మాత్రం షెడ్ల ప్రక్కన నివసించేవారికే తెలిసియున్నది.

ఆ దోషాన్ని కొలుచుటకు చరకుడే ఒక కొలబద్ద ఇచ్చినాడు. విమానస్థానంలోని మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయము. గంగాతీరంలోని కాంపిల్య నగరంలో ఆత్రేయ మహర్షి తన శిష్యుడైన అగ్నివేశునికి ఈ విషయం బోధించినట్లు అందులో ఉన్నది. మనుషుల ప్రకృతులు, ఆహారాలు, వయస్సులు వేరువేరుగా ఉన్నప్పటికి ఒక ఊరు ఊరంతా ఒకేసారి రోగగ్రస్తం ఎట్లు అగును? అందరికీ ఉమ్మడిగా ఉండేవి నాలుగు గనుక: వాయువు, జలము, దేశము, కాలము. ఇవి చెడిన ఎవరి పథ్యము వారిని కాపాడలేదు. నేల తన సారాన్ని కోల్పోకముందే మూలికలను సేకరించి ఉంచుకొనుమని ఆత్రేయుడు శిష్యుని హెచ్చరించినాడు. ఈ నాలుగింటిని వరుసగా తీసుకొని కోళ్ళ పరిశ్రమను పరిశీలింతము.

వాయువు

ఒక లేయర్ కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తిని, ఇంచుమించు 100 గ్రాముల పచ్చి పెంట వేయును. లక్ష కోళ్ళున్న ఫారంలో రోజుకు 10 టన్నులు, ఏడాదికి 3,650 టన్నులు. ఇది పెద్ద ఊహ కాదు, మామూలు లెక్క. లక్ష కోళ్ళ ఫారం మన జిల్లాలలో అరుదైనదీ కాదు.

కోడికి మూత్రం వేరుగా ఉండదు. దాని శరీరంలోని నత్రజని యూరిక్ ఆమ్లంగా మారి, తెల్లని పూతవలె పెంటతో కలిసియే బయటకు వచ్చును. తడి తగిలిన వెంటనే సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా మార్చును. షెడ్డు దరిదాపులకు పోగానే కన్ను మండుట, గొంతు పట్టుట ఇందువలననే. పెంట పొడి, ఈకల నలుసు, దాణా ధూళి కలిసిన గాలిని రోజంతా పీల్చే కూలీలకు దగ్గు, ఆయాసం రావడంలో ఆశ్చర్యం లేదు. ఉబ్బసం ఉన్నవారికి అది మరింత ప్రమాదము.

ఇక ఈగలు. ఆడ ఈగ ఒక్కొక్క విడతకు నూరు గుడ్లకు పైగా పెట్టును. వెచ్చదనం, తడి ఉన్న పెంటలో వారం పది రోజులకే ఆ గుడ్డు ఈగగా మారును. వానాకాలంలో షెడ్లకు సమీప గ్రామాలలో అన్నం ముందు కూర్చున్నవారు ఒక చేత్తో తినుచు రెండవ చేత్తో ఈగలు తోలుకొనవలసి వచ్చుచున్నది. విరేచనాలు, టైఫాయిడ్ వంటి వ్యాధుల బీజాలను మోసుకొని తిరిగేవి ఈ ఈగలే. వాటిని చంపుటకు షెడ్లలో పురుగుమందులు చల్లుదురు. ఆ మందు మరల గాలిలోకి, పెంటలోకి చేరును.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల ప్రకారం కోళ్ళ ఫారం జనావాసాలకు 500 మీటర్ల దూరంలో ఉండవలెను. చాలా కాలం ఈ ఫారాలను కాలుష్యం తక్కువగా గల పరిశ్రమలుగా ఎంచి, అనుమతుల నుండి మినహాయించియుండిరి. 2020లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దీనిని పునఃపరిశీలించుమని ఆదేశించిన తరువాతనే నియమాలు బిగిసినవి. నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన ఈగ ఆగదు. దానిని అమలు చేయించుకొనవలసినది గ్రామమే.

జలము

పెంటలో మొక్కకు కావలసిన నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉన్నవి. పశువుల పేడ కన్న కోళ్ళ పెంట బలమైన ఎరువు అని రైతులందరికీ తెలుసు. కాని ఎంత మంచిదైనా మోతాదు మించిన విషమగును. పది ఎకరాలకు చాలిన ఎరువును ఒక ఎకరంలో పోసిన, లేక షెడ్డు వెనుక గుట్టగా పోసి వానకు వదలిన, మొక్క తీసుకొనగా మిగిలినది నేలలోనికి ఇంకి నైట్రేట్ రూపంలో బావి నీటిని, బోరు నీటిని చేరును. త్రాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించినది. అంతకు మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక, శరీరం నీలిరంగుకు తిరుగును.

ఇచ్చట గృహిణులు ముఖ్యంగా తెలిసికొనవలసిన విషయమొకటి కలదు. నీరు కాచిన సూక్ష్మజీవులు చచ్చును గాని నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొలది దాని సాంద్రత పెరుగును. కాచి చల్లార్చిన నీరు అన్ని దోషాలకూ విరుగుడు అనుకొనరాదు. ఫారాలకు దగ్గరగా ఇల్లు, బోరు ఉన్నవారు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించుకొనుట ఒక్కటే మార్గము.

కొల్లేటి సంగతి వేరుగా చెప్పవలెను. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరుల నీటిని పట్టి, వడపోసి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే మంచినీటి సరస్సు అది. ఆ ప్రాంతానికి అది మూత్రపిండం వంటిది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రాంసార్ జాబితాలో చేర్చినారు. అయినను చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసినవి. 2006లో ప్రభుత్వం గట్లను పగులగొట్టించినా ఆ సమస్య తీరలేదు.

కోళ్ళకూ కొల్లేటికీ సంబంధమేమి అని పాఠకులు అడుగవచ్చును. చేపల చెరువులో నాచు, ప్లవకాలు పెరుగుటకు వేసే ఎరువులలో కోళ్ళ పెంట ముఖ్యమైనది. గోదావరి జిల్లాల షెడ్ల నుండి లారీలలో వచ్చే పెంట చెరువులలో కలియును. చెరువు నీరు మార్చినప్పుడు కాలువలో, కాలువ నుండి సరస్సులో కలియును. అందులోని భాస్వరం, నత్రజని వలన గుర్రపుడెక్క దట్టంగా అల్లుకొనును, నీటిలోని ప్రాణవాయువు తగ్గును. పెంటతో పాటు మరొకటి కూడ ప్రయాణం చేయుచున్నది. అది మందు.

మందు కోడితో ఆగదు

కోళ్ళు వేల సంఖ్యలో ఒకే కప్పు క్రింద కిక్కిరిసి ఉన్నప్పుడు ఒకదానికి జబ్బు చేసిన అన్నిటికీ చేసినట్లే. అందుచేత జబ్బు రాకముందే దాణాలో, నీటిలో యాంటీబయాటిక్ మందులు కలిపి ఇచ్చుట అలవాటైనది. కొన్ని మందులు కోడిని త్వరగా బరువెక్కించును గనుక, ఆ ప్రయోజనం కోసం కూడ వాడిరి. ఇచ్చిన మందులో గణనీయమైన భాగం మారకుండ పెంటతో బయటకు వచ్చును. కొద్ది మోతాదులో మందు ఎప్పుడూ తగులుచుండిన సూక్ష్మజీవులు దానికి అలవాటు పడి, లొంగకుండ పోవును. అట్టి మొండి బీజాలు పెంటలో, నీటిలో, మట్టిలో, ఫారం కూలీ చేతులపై, మాంసం కోసే కత్తిపై వ్యాపించును.

ఇందుకు కోలిస్టిన్ కథ చక్కని ఉదాహరణ. ఏ మందుకూ లొంగని క్రిములకు ఆసుపత్రులలో చివరి అస్త్రంగా వాడే మందు అది. దానిని కోళ్ళ దాణాలో కలిపిరి. 2019 జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆహారానికై పెంచే జంతువులలో, కోళ్ళలో, చేపల పెంపకంలో, దాణాలో కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించినది. ఆరోగ్యంగా ఉన్న జంతువులకు పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే సూచించినది. ఆయుర్వేద వైద్యుడు అల్లోపతి మందుల గురించి ఎందుకు చింతించవలెనని కొందరు అనవచ్చును. నవజాత శిశువుకు రక్తంలో విషక్రిమి ప్రవేశించినప్పుడు ఆ మందు పని చేయుట ఎంత అవసరమో ఏ వైద్యుడైనా ఎరుగును. ఆ అస్త్రాన్ని కోడి బరువు కోసం మొద్దుబార్చుట ప్రజ్ఞాపరాధము కాక మరేమి?

జంతువుకు ఇచ్చిన మందు జంతువుతోనే ఆగదని మనకు ఇంతకుముందే ఒక పాఠం లభించినది. పశువుల నొప్పులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలలో మిగిలిపోయి, వాటిని తిన్న రాబందులను మూత్రపిండాలు చెడి చచ్చునట్లు చేసినది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించునాటికే మన ఆకాశం నుండి రాబందులు దాదాపు మాయమైనవి. కళేబరాలను శుభ్రపరచిన పక్షి పోయినది, ఆ పని చేయువారు నేటికీ లేరు.

దేశము, కాలము

దేశమనగా నేల. కోడి తినే దాణా ఎక్కడ నుండి వచ్చుచున్నది? పెరటికోడి వడ్లు దంచిన చోట రాలిన నూకలు, చెదలు, పురుగులు, వంటింటి మెతుకులు తినెడిది. మనిషి తిండితో అది పోటీ పడలేదు. షెడ్డు కోడికి మొక్కజొన్న, సోయా చెక్క కావలెను. మన మొక్కజొన్నలో పెద్ద భాగం కోళ్ళ దాణాకే పోవుచున్నది. ఒకప్పుడు జొన్న, కంది, పెసర పండిన చేలలో ఎక్కువ ఎరువు, ఎక్కువ నీరు కోరే మొక్కజొన్న వచ్చినది. 2021లో దాణా కొరత ఏర్పడగా, జన్యుమార్పిడి సోయా నుండి తీసిన చెక్కను 12 లక్షల టన్నుల మేరకు విదేశాల నుండి దిగుమతి చేసికొనుటకు కేంద్రం అనుమతించినది. అనగా మన ఊరి షెడ్డులోని కోడి ఎక్కడో ఖండాంతరంలోని నేలను తిని, మన ఊరి నేల మీద పెంట వేయుచున్నది. సారము పోగొట్టుకున్న నేల ఒకటి, సారము మితిమీరి చెడిన నేల మరొకటి.

కాలం సంగతి ఇంకను విచిత్రమైనది. పగలు తగ్గిన కోడి గుడ్డు పెట్టుట తగ్గించును. అది ప్రకృతి ఇచ్చిన విశ్రాంతి. షెడ్డులో దీపాలు వెలిగించి రోజుకు 16 గంటల పగటిని సృష్టింతురు. ఏడాదికి 60, 80 గుడ్లు పెట్టే నాటుకోడి చోట 300కు పైగా గుడ్లు పెట్టే కోడి వచ్చినది. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ ఆరు వారాలకే రెండు కిలోలు తూగును. దాని కాళ్ళు, గుండె ఆ బరువుకు తట్టుకొనలేవు. ఋతువును లెక్కచేయని ఈ పద్ధతిని ఋతువు విడిచిపెట్టదు. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలలో లక్షలాది కోళ్ళు షెడ్లలోనే చచ్చినవి.

కిక్కిరిసిన చోట మహమ్మారి ఎంత వేగంగా వ్యాపించునో కూడ చూచినాము. మన దేశంలో బర్డ్‌ఫ్లూ మొదట బయటపడినది 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ ఫారాలలో. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలోని ఫారాలకు అది వచ్చినది. అట్టి సమయంలో చుట్టుప్రక్కల కోళ్ళన్నిటిని చంపి గోతులలో పూడ్చవలసి వచ్చును. ఆ గోతి క్రింద ఉన్న నీరు ఎవరిది? ఊరి వారిది.

అనుభవించేది ఎవరు, చెల్లించేది ఎవరు?

బ్రాయిలర్ పెంపకంలో ఇప్పుడు ఒప్పందం పద్ధతి విస్తరించినది. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి, ఎదిగిన కోడి కంపెనీది. షెడ్డు రైతుది, అప్పు రైతుది, కరెంటు బిల్లు రైతుది, చచ్చిన కోళ్ళు, పెంట రైతువి. లాభం ప్రయాణం చేయును, మాలిన్యం ఊరిలోనే ఉండిపోవును. కనుక ఈ వ్యాసంలోని నింద రైతు మీద వేయరాదు. అతడు కూడ బోనులోనే ఉన్నాడు.

పట్నంలో మధ్యతరగతి గృహస్థుడు కోడిమాంసం చవక అనుకొనుచున్నాడు. ఆ చవకలో ఊరి బోరు నీరు, ఊరి గాలి, కొల్లేటి పక్షి, పసిబిడ్డకు పనిచేయవలసిన మందు చేరలేదు. వాటి వెలను మరొకరు చెల్లించుచున్నారు. వెల పెరిగిన పేదవాని గతి ఏమి అను ప్రశ్న న్యాయమైనదే. అందుకు నా సమాధానమిది: తగ్గించుట పేదవానితో మొదలు కారాదు. అంగన్‌వాడీ బిడ్డ గుడ్డు మీద చేయి వేయరాదు. వారానికి నాలుగు రోజులు కోడికూర, సాయంకాలం వేపుడు, పెండ్లి విందులో ఆరు రకాల మాంసం అలవాటైన ఇళ్ళ నుండి మొదలు కావలెను. మన తాతల కాలంలో మాంసం పండుగకు, చుట్టం వచ్చినప్పుడు, బాలింతకు, రోగికి వండేవారు. అది పేదరికం మాత్రమే కాదు, మితము కూడ.

గృహస్థులు చేయదగిన పనులు

1. కొనేటప్పుడు వెలతో పాటు పెరిగిన చోటు అడుగుడు. రంగు ఈకలున్నంత మాత్రాన అది నాటుకోడి కాదు. షెడ్డులో పెంచి నాటుకోడి పేరుతో అమ్మేవారు కలరు. తెలిసిన రైతు వద్ద, తిరిగి మేసిన కోడిని, దాని గుడ్లను తక్కువ సంఖ్యలో, తగిన వెల ఇచ్చి కొనుట మేలు.

2. పల్లెలో స్థలం ఉన్నవారు నాలుగైదు కోళ్ళను పెరట్లో పెంచుకొనవచ్చును. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై వనరాజ, గ్రామప్రియ అను రకాలను తయారు చేసినది. పెరటికోళ్ళకూ జబ్బులు వచ్చును గనుక టీకాలు, శుభ్రత తప్పనిసరి.

3. బలం గుడ్డులోనే ఉన్నదన్న భ్రమ విడువుడు. పెసలు తేలికగా అరుగును, అందరికీ హితము. మినుములు బలకరములు, కాని జీర్ణశక్తి తక్కువగా ఉన్నవారు మితంగా తినవలెను. ఉలవచారు వాత, కఫ ప్రకృతుల వారికి మంచిది, ఆమ్లపిత్తం ఉన్నవారికి సరిపడదు. నువ్వులు బెల్లంతో, వేరుశనగ, రాగి జావ, మజ్జిగ పిల్లలకు అలవాటు చేయుడు. కంది, పెసర, మినుము, ఉలవ పంటలు నేల నుండి తీసికొనుటతో ఆగక, తమ వేళ్ళలోని బుడిపెల ద్వారా నేలకు నత్రజనిని సమకూర్చును. తినేవానికీ నేలకూ మేలు చేసే ఆహారమది.

4. మాంసం, గుడ్డు పూర్తిగా ఉడికినవే తినవలెను. సగం ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డు పాలలో కలిపి త్రాగుట మానవలెను. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట కడుగకుండ కూరగాయలకు వాడరాదు.

5. జలుబుకు, మామూలు జ్వరానికి దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొని మ్రింగరాదు. వైద్యుడు అవసరమని ఇచ్చినప్పుడు మాత్రం మధ్యలో మానక చెప్పినన్ని రోజులు వాడవలెను. కోళ్ళ ఫారం చేసే తప్పును మన ఇంటిలో మనము చేయరాదు.

6. గ్రామంలో క్రొత్త ఫారం వచ్చునప్పుడు గ్రామసభలో మూడు ప్రశ్నలు అడుగుడు. ఊరికి, నీటికి ఎంత దూరము? పెంటను ఎక్కడ, ఎట్లు నిలువచేయుదురు? కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నదా? ఊరి బోరు నీటిని ఏడాదికి ఒకసారి పరీక్షించు ఖర్చును ఫారం యజమాని భరించవలెనని పట్టుబట్టుడు.

జనపదోద్ధ్వంసానికి మూలం అధర్మమని, ఆ అధర్మానికి మూలం ప్రజ్ఞాపరాధమని ఆత్రేయుడు చెప్పినాడు. ప్రజ్ఞాపరాధమనగా తెలియకపోవుట మాత్రమే కాదు, తెలిసియు తెలియనట్లు నడచుట. బోనులలో కోళ్ళు ఎట్లున్నవో, ఆ షెడ్ల ప్రక్కన ఊర్లు ఎట్లున్నవో ఇప్పుడు తెలియనివారు లేరు. వాయువు, జలము, దేశము, కాలము అను ఈ నాలుగింటిలో ఒకదాని కన్న ఒకటి తప్పించుకొన వీలులేనిదని శాస్త్రము. చెడిన గాలిని గోడ చాటున కొంత ఆపవచ్చును, చెడిన నీటిని విడిచి వేరు నీరు తెచ్చుకొనవచ్చును. నేల, కాలము చెడిన తరువాత పోవుటకు చోటు లేదు. కనుక ఇంకను మొదటి రెండింటిని బాగుచేయ వీలున్న ఈ రోజులలోనే, సంత నుండి తెచ్చిన సంచి వంటింటిలో దించునప్పుడు, ఇది ఎక్కడ పెరిగినదని ఇంటిలో ఒకరైనను అడుగుట మొదలుపెట్టుడు. అడిగేవారు ఎక్కువైన కొలది అమ్మేవారు జవాబు సిద్ధం చేసికొనక తప్పదు.